పాలపళ్ల చదువు: చిన్నజాతి కుక్కపిల్ల తొలి నెలలు

కుక్క అనగానే హుజూర్‌నగర్ చుట్టుపక్కల పల్లెల్లో నిన్నమొన్నటి వరకు గుర్తుకు వచ్చినది వాకిట్లోనో, పశువుల కొట్టం దగ్గరో, పొలం గట్టు మీదనో పడుకుని, ఇంటివారు పెట్టిన సద్దన్నం తిని, రాత్రిపూట కొత్త మనిషి అలికిడికి మొరిగే నాటుకుక్క. దానికి శిక్షణ అంటూ ఎవరూ ప్రత్యేకంగా ఇవ్వలేదు, తల్లి వెంట, తోటి కుక్కల వెంట తిరుగుతూ అది తన హద్దులు తానే తెలుసుకునేది. సాగర్ ఎడమ కాలువ కింద వరి, ఆ వరి వెంట మిర్యాలగూడ రైసుమిల్లులు, మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతాల సున్నపురాయి ఆధారంగా సిమెంటు కర్మాగారాలు పెరిగి, పెంకుటిళ్లు పోయి డాబాలు, ప్రహరీలు, అపార్ట్‌మెంట్లు వచ్చిన తరువాత పెంపుడు కుక్క జాతీ మారింది, అది పడుకునే చోటూ మారింది. వాకిలి దాటి లోపలికి రాని జంతువు సోఫా మీదికి, మంచం మీదికి చేరింది.

ఈ ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి పమేరియన్, షిట్జూ, పగ్, లాసా ఆప్సో, డాక్స్‌హండ్ వంటి చిన్నజాతులు, అంటే పూర్తిగా ఎదిగినా సుమారు పది కిలోల లోపే ఉండి ఒడిలో ఇమిడిపోయే జాతులు. పమేరియన్ పేరుతో ఇక్కడ చేతులు మారే పిల్లల్లో చాలాభాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్ అనే జాతివి. బ్రిటిష్ వారి కాలం నుండి ఈ దేశపు ఎండకు కొంత అలవాటుపడిన జాతి అది. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ హిందీ చిత్రంలో టఫీ పేరుతో నటించినది ఆ తెల్లకుక్కే. 2003లో హచ్ టెలిఫోన్ ప్రకటనలో ఒక పిల్లవాడి వెంట నడిచిన పగ్ దేశమంతటా ఆ జాతికి గిరాకీ పెంచింది. తెర మీద ముద్దుగా కనిపించిన ఆ జంతువులకు కూడా రెండు నెలల వయసులో సూదుల్లాంటి పళ్లు ఉంటాయన్న సంగతి మాత్రం కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్న తరువాతే తెలుస్తుంది.

కుక్కపిల్ల ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే వినిపించే ఫిర్యాదు అది కరుస్తుందనేది. చెయ్యి చాపితే వేళ్లు పట్టుకుంటుంది, నడుస్తుంటే మడమలు పట్టుకుంటుంది, చీర కుచ్చిళ్లు, చున్నీ అంచు, లుంగీ, ఆడపిల్లల పట్టీలు ఏది కదిలితే దాని వెంట పడుతుంది. దీనికి ఇంటివారి స్పందన సాధారణంగా రెండు విధాలు: ‘చిన్నది కదా’ అని నవ్వి ఊరుకోవడం ఒకటి, మూతి మీద కొట్టడం రెండవది. తరచుగా ఒకే ఇంట్లో తండ్రి కొడతాడు, పిల్లలు నవ్వుతారు, అమ్మమ్మ కాళ్లు పైకి పెట్టుకుని ‘దీన్ని బయట కట్టెయ్యండిరా’ అంటుంది. కుక్కపిల్ల చేసే పని ఒక్కటే అయినా దానికి మూడు జవాబులు వస్తాయి. కరిచే అలవాటు గట్టిపడడానికి ఆ పిల్ల స్వభావం కన్నా ఈ మూడు జవాబుల గందరగోళమే ఎక్కువ కారణమన్నది ప్రవర్తన శాస్త్రం, అంటే జంతువుల నడవడికను పరిశీలించి కారణాలు వెదికే శాస్త్రం, చెప్పే మాట.

పిల్ల కాటును అర్థం చేసుకోవాలంటే ముందు దాని నోటిని అర్థం చేసుకోవాలి. కుక్కకు చేతులు లేవు కనుక వస్తువు మెత్తనిదా, గట్టిదా, కదిలేదా, తినేదా అని అది నోటితోనే తెలుసుకుంటుంది. పుట్టిన మూడవ వారం నుండి పాలపళ్లు మొలవడం మొదలై ఆరు, ఎనిమిది వారాల నాటికి 28 పళ్లు వస్తాయి; మూడున్నర, నాలుగు నెలల వయసులో అవి ఊడడం ఆరంభమై ఆరేడు నెలలకు 42 శాశ్వత దంతాలు పూర్తవుతాయి. ఈ రెండవ దశలో చిగుళ్లు ఉబ్బి దురద పెడతాయి కనుక కొరకడం తాత్కాలికంగా పెరుగుతుంది. రెండు నెలల పిల్ల ఆడుతూ కొరుకుతుంది, నాలుగు నెలల పిల్ల ఆటకు తోడు చిగుళ్ల బాధతో కూడా కొరుకుతుంది. రెండింటిలోనూ పగ, కోపం లేవు.

ఒక ఈతలో పుట్టిన పిల్లలు ఒకదానినొకటి కొరుక్కుంటూ ఆడుకునేటప్పుడు గమనిస్తే వాటి మధ్య ఒక చదువు నడుస్తున్నట్టు తెలుస్తుంది. ఒకటి గట్టిగా కొరికితే రెండవది కీచుమని అరిచి ఆట మానేసి పక్కకు పోతుంది. పాలు తాగుతూ పొదుగును గట్టిగా కొరికితే తల్లి లేచి వెళ్లిపోతుంది. గట్టి కాటుకు ఆట పోతుంది, పాలు పోతాయి, మెత్తని కాటుకు రెండూ నిలుస్తాయి. ఇలా నోటి ఒత్తిడిని అదుపులో పెట్టుకోవడం నేర్చుకోవడాన్ని కాటు నిగ్రహం అనవచ్చు. ఎదిగిన కుక్క జీవితంలో ఎన్నడూ కరవదని ఎవరూ హామీ ఇవ్వలేరు, తోక తొక్కినా, విరిగిన కాలు పట్టుకున్నా ఎంత మంచి కుక్కైనా నోరు వేయవచ్చు; ఆ క్షణంలో చర్మం మీద ఒట్టి తడి మిగులుతుందా, కుట్లు పడతాయా అన్నది చిన్ననాడు నేర్చిన ఈ నిగ్రహం మీదనే ఆధారపడి ఉంటుంది.

అమెరికాలోని బార్ హార్బర్ అనే ఊళ్లో జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు అనేక సంవత్సరాలు కుక్కపిల్లలను పెంచి పరిశీలించి 1965లో ప్రచురించిన గ్రంథం ఈ విషయంలో మూలస్తంభం వంటిది. సుమారు మూడవ వారం నుండి పన్నెండవ వారం వరకు కుక్కపిల్ల మనసు కొత్త మనుషులకు, జంతువులకు, శబ్దాలకు తెరచి ఉంటుందని, ఆ తరువాత కొత్తదంతా భయంగా మారే ప్రమాదం పెరుగుతుందని వారు తేల్చారు. దీనినే సాంఘికీకరణ దశ అంటారు. ఈ దశ మొదటి సగం తల్లి దగ్గర, రెండవ సగం మనుషుల ఇంట్లో గడిస్తే కుక్కకు రెండు లోకాల మర్యాదలూ తెలుస్తాయి.

అయితే మార్కెట్ లెక్క వేరు. ఎంత చిన్న పిల్ల అయితే అంత ముద్దుగా కనిపిస్తుంది, అంత త్వరగా అమ్ముడవుతుంది కనుక నెల, నలభై రోజుల పిల్లలను అమ్మడం తరచుగా జరుగుతుంది. అటు హైదరాబాద్ నుండి, ఇటు విజయవాడ నుండి 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా సూర్యాపేట, కోదాడ చేరుకోవడం సులువు కావడంతో అట్టపెట్టెలో పెట్టుకుని బస్సులోనో కారులోనో తెచ్చేసుకోవచ్చు. జంతు హింస నివారణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2017లో కుక్కల పెంపకం, విక్రయాల మీద తెచ్చిన నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని స్పష్టంగా చెబుతున్నాయి. ఇది కాగితం మీది మర్యాద మాత్రమే కాదు. ఇటలీలో లుడోవికా పియెరాంటోని, ఆమె సహచరులు 30 నుండి 40 రోజుల వయసులో తల్లి నుండి విడదీసిన కుక్కలను, రెండు నెలలు నిండాక విడదీసిన కుక్కలతో పోల్చి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ముందుగా విడిపోయిన వాటిలో వస్తువులు పాడుచేయడం, అతిగా మొరగడం, శబ్దాలకు బెదరడం, తిండిని, ఆటవస్తువులను ఎవరినీ ముట్టనివ్వకపోవడం ఎక్కువగా కనిపించాయి. కొనేవారు వయసు అడగడంతో ఆగకుండా తల్లిని, తోటి పిల్లలను చూపమని అడగడం మంచిది. చూపడానికి తడబడే అమ్మకందారు దగ్గర పిల్ల ఎంత బొద్దుగా ఉన్నా కొనకపోవడమే మేలు. అప్పటికే తొందరపడి తెచ్చుకున్న ఇంట్లో తల్లి మధ్యలో ఆపిన పాఠాన్ని ఇంటివారు పూర్తి చేయవలసి ఉంటుంది.

చిన్నజాతుల విషయంలో మరొక చిక్కు ఉంది. లాబ్రడార్ పిల్ల పైకి ఎగిరి చెయ్యి పట్టుకుంటే ఆ వారమే ఎవరో ఒకరు శిక్షణ గురించి ఆలోచిస్తారు. అదే పని రెండు కిలోల షిట్జూ చేస్తే ఫోనులో వీడియో తీస్తారు. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీన్ ఆర్హాంట్ బృందం వెయ్యిమందికి పైగా యజమానులను ప్రశ్నించి 2010లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, చిన్న కుక్కల యజమానులు వాటికి శిక్షణ తక్కువ ఇస్తారు, ఈరోజు వద్దన్న దానిని రేపు అనుమతిస్తారు. చిన్న కుక్కలలో మాట వినకపోవడం, ఉలికిపాటు, దూకుడు ఎక్కువగా కనిపించడానికి ఈ నిలకడలేమికి సంబంధం ఉంది. చిన్న కుక్కకు పొగరు ఎక్కువ అని జనం అనుకునేది చాలావరకు జనం చేజేతులా పెంచినదే. పైగా చిన్న కుక్క తన భయాన్ని ముందు మెత్తగా చెబుతుంది: మొహం తిప్పుకుంటుంది, పెదవులు నాకుతుంది, ఒళ్లు బిగించుకుంటుంది, ఆపై గుర్రుమంటుంది. ఈ మాటలు ఎవరూ పట్టించుకోకుండా ఎత్తి చంకన పెట్టుకుంటూ ఉంటే, పళ్లు వేసినప్పుడే వీళ్లు వింటారని దానికి అర్థమవుతుంది. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకుని గుర్రుమనే పమేరియన్ దగ్గరికి చంటిపిల్లను పంపడం ఏ విధంగా చూసినా తెలివితక్కువ పని.

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అన్నది తెలుగువారి నాలుక మీద ఎప్పుడూ ఉండే మాటే గాని, కుక్కపిల్లల పెంపకంలో అది బెడిసికొట్టే వైద్యం. మూతి మీద కొట్టే చెయ్యి పిల్ల కళ్లకు రెండు విధాలుగా కనిపిస్తుంది: ఆటలో ఉన్న హుషారు పిల్లకు అది ఆటకు పిలుపు, పిరికి పిల్లకు అది దాడి. మొదటిది మరింత గట్టిగా పట్టుకుంటుంది, రెండవది చెయ్యి కనబడితేనే నక్కి, మూలకు దొరికితే కరుస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మెగన్ హెరాన్, మరి ఇద్దరు పరిశోధకులు 140 మంది యజమానుల నుండి సేకరించి 2009లో ప్రచురించిన వివరాలలో, కుక్కను కొట్టినవారిలో, తన్నినవారిలో 43 శాతం మంది, వెల్లకిలా పడేసి అదిమిపట్టినవారిలో 31 శాతం మంది తమ కుక్క అందుకు తిరగబడిందని చెప్పారు. అలా అదిమిపట్టే పద్ధతి వెనుక ‘యజమాని గుంపు నాయకుడిగా కనబడాలి’ అన్న ఊహ ఉంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బోనులో పెట్టిన తోడేళ్లను చూసి వర్ణించిన ఆధిపత్య పోరు నుండి ఆ ఊహ పుట్టింది. దానిని తన 1970 నాటి పుస్తకం ద్వారా లోకమంతా వ్యాపింపజేసిన డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్తే అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లి, తండ్రి, పిల్లలు కలిసిన కుటుంబమని గమనించి 1999లో ఆ వాదాన్ని సరిదిద్దారు. మూలం సరిదిద్దినా దాని నీడ మాత్రం సామాజిక మాధ్యమాల వీడియోలలో ఇంకా తిరుగుతూనే ఉంది.

మరి కరిచినప్పుడు ఏం చేయాలి? తల్లి చేసిన పనే చేయాలి: కాటు పడిన క్షణాన ఆట ఆగిపోవాలి. చీర కుచ్చిళ్లు పట్టుకున్న పిల్లను ఉదాహరణగా తీసుకుంటే, అది లాగుతుండగా ఇటు నుండి చీరను లాక్కోవడం, ‘వదులు వదులు’ అని కేకలు వేయడం, గబగబా నడవడం, ఈ మూడూ దానికి ఎర వేసినట్టే. పారిపోయే ఎలుక వెంట పడే స్వభావం ఆ ఒంట్లో ఇంకా ఉంది. నడిచే మనిషి కదలకుండా నిలబడి, చేతులు కట్టుకుని, పిల్ల వైపు చూడకుండా ఉంటే కొన్ని క్షణాలకు పట్టు సడలుతుంది. సడలిన ఆ క్షణంలోనే మెల్లగా మెచ్చుకుని, నోటికి కొరకదగిన వస్తువును, ఒక ముడివేసిన పాత తువ్వాలునో, రబ్బరు ఆటవస్తువునో, అందించాలి. నిలబడినా వదలకపోతే, చెయ్యి, కాలు వెతుక్కుని మరీ కొరుకుతుంటే, మనిషే గదిలో నుండి బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేసి అర నిమిషం లోపు తిరిగి రావాలి. పిల్లను ఎత్తుకెళ్లి బాత్‌రూమ్‌లో పడేసి గడియ పెట్టడం దీనికి ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే ఎత్తే చేతుల్ని అది మళ్లీ కరుస్తుంది, చీకటి గదిలో అరుస్తూ తనను అక్కడ ఎందుకు పెట్టారో మరచిపోతుంది. కాటు పడినప్పుడు ‘అబ్బా’ అని ఒక్కసారి అనడం కొన్ని పిల్లల మీద పనిచేస్తుంది, కొన్నిటిని మరింత ఉసిగొల్పుతుంది. రెండు మూడు సార్లు చూసి పనిచేయకపోతే మానేయడమే.

ఈ పద్ధతిలో కష్టమంతా నిలకడలోనే ఉంది. పగలంతా ఇంట్లో అమ్మ కదలకుండా నిలబడి నేర్పాక, సాయంత్రం ఇంటికి వచ్చిన తండ్రి వేళ్లు ఆడించి ‘పట్టు పట్టు’ అని ఆడిస్తే ఆ నేర్పినదంతా చెడిపోతుంది. చేతివేళ్లు ఆటవస్తువులు కావన్నది ఇంట్లో అందరికీ, చుట్టపుచూపుగా వచ్చినవారికీ, పక్కింటి పిల్లలకూ వర్తించే నియమం. పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే వాళ్లు కాటు పడగానే కేక పెట్టి పరుగెత్తుతారు, పరుగెత్తితే పట్టీలు ఘల్లుమంటాయి, కుక్కపిల్ల దృష్టిలో అంతకన్నా గొప్ప ఆట లేదు. ఐదారేళ్ల లోపు పిల్లలను, కుక్కపిల్లను పెద్దవారెవరూ లేని గదిలో కలిపి వదలకూడదు. పిల్లలు నేల మీద కూర్చుని, కుక్కపిల్ల తనంతట తాను వచ్చినప్పుడు ఒడిలోకి తీసుకుంటే సరిపోతుంది. పరుపు మీద నుండో చంకలో నుండో జారి పడినా చిన్నజాతి పిల్లల ముంజేతి ఎముకలు విరిగే ప్రమాదం ఉంది కనుక ఇది ఇద్దరి క్షేమం కోసమూ అవసరం.

సాయంత్రం వేళ పిల్ల వెర్రెత్తినట్టు గదంతా తిరిగి కనబడిన దానినల్లా కొరుకుతుందని చెప్పే ఇళ్లలో అసలు కారణం చాలాసార్లు నిద్రలేమి. రెండు నెలల కుక్కపిల్ల రోజుకు 18 నుండి 20 గంటలు నిద్రపోవాలి. బడి నుండి వచ్చిన పిల్లలు, చూడడానికి వచ్చిన ఇరుగుపొరుగు, టీవీ మోత మధ్య దానికి అందులో సగం కూడా దక్కదు. నిద్ర చాలని చంటిబిడ్డ ఏడుస్తుంది, కుక్కపిల్ల కొరుకుతుంది. అందువల్ల గదిలో ఒక మూల, ఫ్యానుగాలి తగిలే చోట, తడిలేని గోనెపట్టా లేక పాత దుప్పటి పరచి, చుట్టూ చిన్న కంచెలాంటిది పెట్టి, అక్కడ పడుకున్న పిల్లను ఎవరూ లేపరాదన్న కట్టుబాటు పెట్టుకోవాలి. ఒక గంట మెలకువ, ఆపై గంటన్నరో రెండు గంటలో నిద్ర, ఈ లెక్క పాటించిన ఇంట్లో కాట్లు సగానికి తగ్గినట్టు అనిపించడం ఆశ్చర్యం కాదు.

చిగుళ్ల బాధ మొదలైన తరువాత కొరకడానికి అనుమతించిన వస్తువు ఏదో ఒకటి ఇవ్వక తప్పదు. తడిపి మెలితిప్పి ఫ్రిజ్‌లో గట్టిపరచిన బట్ట, చల్లని క్యారెట్ ముక్క, గోరుతో నొక్కితే కాస్త లొంగే రబ్బరు వస్తువు పనికి వస్తాయి. రాయి వంటి ఎముకలు పాలపళ్లను విరుగగొడతాయి, వండిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. పాత చెప్పును ఆడుకోవడానికి ఇచ్చే అలవాటు మానుకోవాలి. గడప ముందు ఇంటిల్లిపాది చెప్పులు విడిచే ఇళ్లలో అన్నిటికీ ఒకే ఇంటి వాసన ఉంటుంది, తెగిపోయిన హవాయి చెప్పుకూ నిన్న కొన్న తోలు చెప్పుకూ తేడా కుక్కకు తెలియదు. చెప్పుల స్టాండును రెండడుగులు పైకి జరపడం అన్ని తిట్లకన్నా త్వరగా ఫలితమిస్తుంది.

ఆటకాటు, బెదిరింపు కాటు ఒకటి కావు. ఆటలో ఉన్న పిల్ల ఒళ్లు వదులుగా ఉంటుంది, ముందుకాళ్లు వంచి వెనుక భాగం పైకెత్తుతుంది. తిండిగిన్నె మీద ఒళ్లు బిగించి, కదలకుండా, తెల్లగుడ్డు కనిపించేలా ఓరకంట చూస్తూ గుర్రుమనే పిల్ల కాపలా కాస్తున్నది. ‘యజమాని ఎవరో తెలియాలి’ అని అది తింటుండగా గిన్నె లాక్కునే ఇళ్లలో ఈ కాపలా ఇంకా ముదురుతుంది. తింటున్నప్పుడు పక్కగా నడుస్తూ గిన్నెలోకి మరింత రుచిగల ముక్క ఒకటి జారవిడిస్తే, మనిషి చెయ్యి వస్తే తిండి పోదు, పెరుగుతుందని దానికి తెలుస్తుంది. నోట్లో పట్టుకున్న సాక్సును కూడా వేళ్లు పెట్టి పీకడం కన్నా కోడిముక్కకు మారకం వేయడం సులువు. ఆ మారకం జరిగే క్షణంలో ‘వదులు’ అన్న మాట జోడిస్తే కొద్ది రోజులకు మాట ఒక్కటే చాలుతుంది.

ఇంట్లో పెంచుకునే పిల్ల కాటే కదా అని రేబిస్ విషయంలో అశ్రద్ధ చేయడం మాత్రం ప్రాణాంతకం. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత బతికే అవకాశం దాదాపు లేదు, కుక్కపిల్లలకు ఆ వ్యాధి రాదన్నది అపోహ. మూడు నెలలలోపు పిల్లకు సాధారణంగా రేబిస్ టీకా పడి ఉండదు, దాని తల్లికి టీకా వేశారో లేదో, అది ఏ వీధికుక్కను తాకిందో కొన్నవారికి తెలియదు. పళ్లు గీసుకున్న చోటును వెంటనే ధారగా పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి వేయకూడదు, కట్టు బిగించకూడదు. చర్మం చెక్కుచెదరని చోట నాకడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి తరగతిగా లెక్కిస్తుంది, దానికి టీకా అక్కరలేదు. రక్తం రాని గీత రెండవ తరగతి, దానికి టీకా కావాలి. రక్తం వచ్చిన గాయం మూడవ తరగతి, దానికి టీకాతో పాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు, ఎక్కించాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకా 0, 3, 7, 28 రోజులలో వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం పాతకాలపుది. ఏ తరగతో ఇంట్లో తేల్చుకోకుండా ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడికి చూపాలి.

కుక్కపిల్లకు కూడా ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ వంటి వ్యాధుల మిశ్రమ టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి 16 వారాలు నిండేవరకు కొనసాగించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపై పశువైద్యుడు చెప్పిన వ్యవధికి మళ్లీ. ఇక్కడ ఒక ఇరకాటం ఉంది. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది కనుక టీకాలు పూర్తికాకుండా వీధిలో నడిపించకూడదు. టీకాలు పూర్తయ్యే సరికి సాంఘికీకరణ దశ ముగిసిపోతుంది. దీనికి పరిష్కారం పిల్లను నేల మీద దించకుండా ఎత్తుకుని లోకాన్ని చూపించడం. సాయంత్రం గేటు దగ్గర నిలబడితే ట్రాక్టరు, ధాన్యం లారీ, ఆటో, తోపుడుబండి కేక, గుడి మైకు అన్నీ వినిపిస్తాయి. ఒక్కో శబ్దానికి ఒక్కో తిండిముక్క అందితే అవి భయపెట్టేవి కాక శుభవార్తలు అవుతాయి. కుక్కర్ కూత, మిక్సీ మోత వంటింటి దూరం నుండి మొదలుపెట్టి దగ్గరికి తేవచ్చు. వినాయకచవితి డీజే, బతుకమ్మ గుంపు, దీపావళి టపాసులు ఈ పాఠానికి పనికిరావు. ఆ రాత్రుళ్లు లోపలి గదిలో తలుపులు మూసి, మనిషి తోడుండడమే సరి.

శిక్షణ అసలు సూత్రం చిన్నది: ఏ పనికి వెంటనే మంచి జరుగుతుందో ఆ పనిని జంతువు మళ్లీ చేస్తుంది. మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ కేంద్రంలో పేలుడు పదార్థాలు పసిగట్టే కుక్కలైనా వాసన కనిపెట్టగానే దొరికే బంతి కోసమే పనిచేస్తాయి. చిన్నజాతి పిల్లకు పెసరగింజంత ఉడికించిన కోడిమాంసమో, గుడ్డు తెల్లసొనో చాలు, ఉప్పు, మసాలా లేకుండా. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, చాక్లెట్, ప్రసాదంలోని కిస్‌మిస్ కుక్కలకు విషం. ముక్కను ముక్కు పైనుండి వెనక్కు జరిపితే తల ఎత్తబోయి అది తనంతట కూర్చుంటుంది, ఆ క్షణాన ‘కూర్చో’ అని, ముక్క నోటికి అందించాలి. ఆలస్యమైతే లేచి నిలబడినందుకు బహుమతి ఇచ్చినట్టవుతుంది. తెలుగైనా, ఇంగ్లీషైనా ఇల్లంతా ఒకే మాట వాడాలి. ఐదు నిమిషాలకు మించి ఒకసారి నేర్పకూడదు, ఆకలి పెట్టి నేర్పడం అసలే పనికిరాదు, ఎందుకంటే కిలోన్నర బరువున్న పిల్లకు ఒక పూట తిండి తప్పినా రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, మగత రావచ్చు. అప్పుడు చిగుళ్ల మీద తేనె రుద్ది వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. మూడు నెలల వరకు రోజుకు నాలుగు పూటలు పెట్టడం అందుకే.

మలమూత్రాల అలవాటులో చిన్నజాతులు కాస్త నిదానం, వాటి మూత్రాశయం అంత చిన్నది. నిద్ర లేచిన వెంటనే, తిన్న పావుగంటకు, ఆట ముగియగానే ఒకే చోటికి తీసుకువెళ్లి, పని అయిన తరువాత అక్కడే మెచ్చుకోవాలి. ఇంట్లో పోసిన చోట ముక్కు రుద్దితే అది మనిషి ఎదుట పోయకూడదని నేర్చుకుంటుంది, మంచం కిందకు పోయి పోస్తుంది. మెడకు పట్టీ వేసి గుంజడం కూడా మానాలి, చిన్నజాతుల శ్వాసనాళం సున్నితమైనది కనుక ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ మేలు. మే నెలలో ఈ ప్రాంతపు ఎండ 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు పొట్టి ముక్కు పగ్, షిట్జూలకు నడక సూర్యోదయానికి ముందే. అరచేతి వెనుక భాగం ఆనించి ఐదు సెకన్లు ఆగలేని సిమెంటు రోడ్డు మీద కుక్క పాదమూ ఆగలేదు. ఎండకు రొప్పే పిల్ల చిరాకుతోనూ కొరుకుతుంది.

నోటి లోపలికి చూడడం, చెవులు ఎత్తడం, పాదాలు పట్టుకోవడం, దువ్వడం ఇవన్నీ రోజూ కొద్దికొద్దిగా, ముక్క అందిస్తూ అలవాటు చేస్తే తరువాత వైద్యుడి బల్ల మీద పోరాటం ఉండదు. చిన్నజాతులలో పాలపళ్లు, ముఖ్యంగా కోరలు, ఊడకుండానే పక్కన శాశ్వత కోర మొలవడం మామూలు; జంట కోరల మధ్య ఆహారం ఇరుక్కుని చిగురు చెడుతుంది, కొత్త పన్ను వంకర తిరుగుతుంది. ఆరేడు నెలలు నిండాక పెదవి ఎత్తి చూసినప్పుడు ఒక చోట రెండు కోరలు కనిపిస్తే వైద్యుడికి చూపాలి. గేదెలు, గొర్రెలు, మేకలకు పెద్దపీట వేసే మండల పశువైద్యశాలలో ఆ పని కాకపోవచ్చు, 1946లో ఏర్పడి ఇప్పుడు పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైన రాజేంద్రనగర్ కళాశాల ఆసుపత్రికో, మత్తుమందు సౌకర్యమున్న ప్రైవేటు క్లినిక్‌కో వెళ్లవలసి రావచ్చు. పిల్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించే ఆలోచన ఉంటే, అదే మత్తులో ఆ మిగిలిపోయిన పాలకోరనూ తీయించవచ్చునా అని ముందే అడిగి ఉంచుకోవడం మంచిది.